ఆరని సబ్బు

మా సబ్బుల కంపెనీ అక్క వంటింటి వెనక గదిలో మొదలైంది. నూనె, కాస్టిక్ సోడా కలిపి అచ్చుల్లో పోసేది తను, అమ్ముకొచ్చేది నేను. కోసిన బిళ్ళలు నాలుగు వారాలు ఆరితేగాని ఘాటు చావదు. అందుకే అక్క ప్రతి వాయినీ నాలుక కొసకు తాకించి, చురుక్కుమనకపోతేనే బయటికి పంపేది.

మూడో నెలలో ఒక పెద్ద హోల్‌సేల్ షాపాయన సోమవారానికి మూడు వందల బిళ్ళలు కావాలన్నాడు. లేకపోతే వేరే కంపెనీని చూసుకుంటానన్నాడు. మా దగ్గరున్నవి కోసి తొమ్మిది రోజులే.

“ఆరిందో లేదో ఎవరు చూస్తారక్కా? పైగా తడి సబ్బు బరువు తూగుతుంది,” అన్నాను.

“ఉతికే చేతులు చూస్తాయిరా, తెలివిగలోడా.”

నేను వినకుండా పెట్టెలు కట్టేశాను. సోమవారం షాపాయన స్వయంగా బండి తెచ్చాడు. అక్క ఒక పెట్టె విప్పి బిళ్ళ చేతికిచ్చింది.

“ఒక్కసారి నాలుకకి ఆనించి చూడండి బాబాయ్.”

ఆనించి ఎగిరిపడ్డాడు. “ఇది సబ్బా, కరెంటు తీగా!”

“అందుకే మూడు వారాలు ఆగమంటున్నా.”

బేరం మునిగిందనుకున్నాను. ఆయన రెండు గ్లాసుల నీళ్ళు పుక్కిలించి, నన్ను వదిలేసి అక్కవైపు తిరిగాడు. “సరేనమ్మా, ఆరాకే పంపు. ఈలోగా నా షాపులో ఉన్నవన్నీ నాకి చూసుకోవాలి కాబోలు, నా ఖర్మ!”

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో యంత్రాల గదికన్నా ఆరబెట్టే గదే పెద్దది. అంత జాగా వృథా అంటారు చూడవచ్చినవాళ్ళు. నా లెక్కలో మాత్రం మా సంపాదనంతా ఆ గదిదే.