గురువారం సైకిల్

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మా ఆయన నేను అడక్కుండా కొనిచ్చిన మొదటి వస్తువు సైకిల్. చూడగానే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది.

"ఎప్పుడు చూసినా ఆ వంటిల్లే పట్టుకుని వేలాడతావు ఒడీల్. కాస్త అలా గాలికి తిరిగి రారాదూ," అన్నాడు రెజిస్, సీటు మీద దుమ్ము లేకపోయినా చేత్తో దులుపుతూ. "పచ్చబాట మీద ఒక్క కారు కూడా రాదు. గురువారాలు వెళ్లు. మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి రా." గురువారమే ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం చెబుతాడు, చెప్పాక దాన్ని నమ్మినట్టు నటించే పని మళ్లీ నా నెత్తినే పడుతుంది. ఉన్న చాకిరీ చాలదా? మా అత్తయ్య ఇవెట్ మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, "అదృష్టవంతురాలివి. నా కాలంలో మొగుడు బకెట్ కొనిస్తేనే గొప్ప," అంది. మెచ్చుకోవడం ఆవిడ ఇంటావంటా లేదు. అందుకే నా అనుమానం రెండింతలైంది.

పచ్చబాట అంటే పాత రైలు దారి. పట్టాలు పీకేసి నున్నగా తారు పోశారు. మా ద్రాక్షతోట అంచునే దక్షిణానికి పోతుంది. వసంతం మొదలైతే చాలు, సంచులు కట్టుకున్న సైకిళ్ల మీద ఎక్కడెక్కడి జంటలో వస్తారు, సగం మంది మా ఇంటి పై గదుల్లోనే దిగుతారు. వాళ్ల దుప్పట్లు ఉతికేదీ, పొద్దున్నే రొట్టె, జామ్, కాఫీ అమర్చేదీ నేను. సీసాలకు కాగితాలు అంటించేదీ, మార్చిలో వేళ్లు కొంకర్లు పోతుంటే ద్రాక్ష కొమ్మల్ని తీగకు కట్టేదీ, సెప్టెంబరు కోతల్లో ముప్ఫై మంది కూలీలకు రెండు పూటలా వండేదీ నేనే. ఒకసారి ఒక అతిథి నన్ను, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే రెజిస్ అందుకున్నాడు: "మా ఆవిడా? ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది." అప్పుడు నా రెండు చేతుల్లోనూ వాళ్ల ఎంగిలి పళ్లాలున్నాయి.

సరే, తొక్కాను. పాత స్టేషన్ దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆ స్టేషన్‌లో ఇప్పుడు కాఫీ దుకాణం నడుపుతున్న కొలెట్, సైకిల్ని ఎగాదిగా చూసి, "మొగుడు కొనిచ్చాడా? అయితే ఇంట్లో ఏదో జరుగుతోందే తల్లీ. మా ఆయన నాకు ఈత నేర్చుకోమని డబ్బు కట్టాడు. నేను మునకలేస్తుంటే వాడు మా పక్కింటావిడతో తేలాడు," అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వానే గాని, తిరిగి వస్తున్నంత సేపూ మనసులో ఊళ్లో ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టి చూసుకున్నాను. రొట్టెల కొట్టు అమ్మాయా? విడాకులు తీసుకున్న పశువుల డాక్టరా? సిగ్గేసింది కూడా. అయినా ఒకటి చెప్పాలి. ఆ అనుమానంలోనూ తొక్కడం బాగుంది. వెనక హారన్ లేదు, పక్కన ఎవరి సలహా లేదు, ఇంత చదునైన దారి నా బతుకులో ఇదొక్కటే. ఇంత మంచిది నాకు ఊరికే ఎందుకిచ్చాడన్నదే నన్ను తొలిచేసింది.

మూడో గురువారం సాయంత్రం గ్లాసులు దొరికాయి. వంటింటి బీరువాలో మూడు వైన్ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. వైన్ గ్లాసుని ఎవరూ బోర్లించరు, చెక్కవాసన లోపల పట్టేస్తుంది. మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ తెలియడం వేరు, సర్దడం వేరు. ఈ ఇంట్లో గ్లాసు కడిగి, తుడిచి, నిలబెట్టేది నేనొక్కదాన్నే. రెజిస్‌కి తాగడం మాత్రమే వచ్చు. పెళ్లయ్యాక చెంచా కడగని మనిషి గ్లాసులు కడిగాడంటే మామూలు సంగతా! తుడిచిన గుడ్డ తీసి వాసన చూశాను. ఊదారంగు మరక, పీపాలోంచి అప్పుడే తీసిన కొత్త వైన్, ఇంకా పుల్లగానే ఉంటుంది. ఏ మగాడైనా ప్రియురాలికి పళ్లు పులిసే వైన్ పోస్తాడా? పాత సీసా తియ్యడూ? పైగా మూడు గ్లాసులు. ఒక్క ఆడదాని కోసం మూడా? అప్పుడు గుర్తొచ్చింది, అత్తయ్య ఈ మధ్య గురువారాలు చర్చి పేకాటకు వెళ్లడం మానేసింది.

ఆ తర్వాతి గురువారం స్టేషన్ దాకా వెళ్లి, కాఫీ కూడా తాగకుండా వెనక్కి తిప్పాను. కొలెట్ వెనకనుంచి, "జుట్టు దొరికితే వదలకు!" అని అరిచింది. సైకిల్ని తోటలో పడేసి, నేలమాళిగ గాలి కంత దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

పీపాలున్న ఆ మాళిగలోకి నన్ను రానివ్వరు. ముందు గదిలో కొనేవాళ్లకు పొయ్యొచ్చు, లోపలికి మాత్రం అడుగు పెట్టకూడదు. ముట్టయ్యే ఆడది పీపా దగ్గరికొస్తే వైన్ విరిగిపోతుందని అత్తయ్య నమ్మకం. కొత్తకోడలిగా వచ్చిన నాడే చెప్పింది. మా అమ్మాయి లెయోని చిన్నప్పుడు అందులోనే ఆడుకునేది. పీపాలోంచి వైన్ తీసే పొడుగాటి గాజు గొట్టం ఒకటుంది, మా మామగారి తాత నాటిది. పైకంతని బొటనవేలితో మూసి, చుక్క కారకుండా గ్లాసులోకి వదలడం అది ఎనిమిదేళ్లకే నేర్చింది. పద్నాలుగో ఏట ఒకరోజు అత్తయ్య దాని చేతిలోంచి ఆ గొట్టం లాక్కుని, "ఇక నీకు ఇక్కడ పని లేదు, పైకి పో," అంది. పిల్ల పైకొచ్చి నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు, వైన్ చదువే చదివింది. ఇప్పుడు ఈ పచ్చబాట ఆ చివర, సొరంగం అవతల, వేరేవాళ్ల తోటలో పని చేస్తోంది. "రెండు కోతలు బయట నేర్చుకుని రా తల్లీ, ఆ తర్వాత మాళిగ నీదే," అని రెజిస్ నా ఎదుటే మాటిచ్చాడు. ఆ రెండో కోత ఈ సెప్టెంబరే. ఫోన్ చేసినప్పుడల్లా అది, వస్తే ఏ పీపా ఎక్కడికి మార్చాలో చెబుతుంటుంది.

కంతలోంచి చూశాను. అత్తయ్య కుర్చీలో ఉంది. రెజిస్ చేతిలో ఆ గాజు గొట్టం. ఎదురుగా ఆడది లేదు. మా మరిది కొడుకు బాస్తియన్ ఉన్నాడు, నిరుడు దాకా ట్రాక్టర్లు అమ్మిన పిల్లాడు. మా ఇళ్లల్లో ఆ గొట్టం ఊరికే చేతికివ్వరు. ఎవరి చేతికిస్తే మాళిగ వాళ్లది. మామగారు రెజిస్‌కి ఇచ్చిన నాడు నేను నిండు నెలలతో బయట మెట్ల మీద నిలబడ్డాను.

"మెల్లిగా రా నాన్నా, మీ ముత్తాతల నాటిది," అంటోంది అత్తయ్య. నాతో ఒక్కనాడూ వాడని గొంతు.

బాస్తియన్ బొటనవేలు జారి సగం వైన్ చొక్కా మీద పడింది. "పెదనాన్నా, మరి లెయోని?"

"దానికి నేను చెప్పుకుంటాలే. రేపు ఎవడితోనో వెళ్లిపోతే సీసా మీద మన పేరుంటుందా?"

"నువ్వూ కొడుకు వరసేగా," అంది అత్తయ్య.

"పెద్దమ్మ ఊరుకుంటుందా?"

రెజిస్ నవ్వాడు. "మీ పెద్దమ్మకేం, సైకిల్ తొక్కుకుంటోంది. ఆడవాళ్లకి కాస్త గాలి తగిలితే చాలురా, సగం ప్రశ్నలు మర్చిపోతారు."

మరో ఆడదే అయితే ఎంత బాగుండేది! గుమ్మంలో నిలబడి రచ్చ చేసేదాన్ని, ఊరంతా నా వైపుండేది. ఏడుపు రాలేదు. మాటిచ్చిన నోటితోనే నవ్వుతున్నాడు, నా కూతురికి ఇవ్వాల్సింది వాడికిస్తూ, నన్ను చూసీ నవ్వుతున్నాడు. లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, వంటింట్లోకి వెళ్లి ఆవాల ముద్ద పట్టించి కుందేలు కూర వండాను. భోజనాల దగ్గర అడిగాను, "ఇవాళ ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు?" అన్నాడు రెజిస్. అత్తయ్య రొట్టె ముక్కతో పులుసు తుడుచుకుంటూ, "సైకిల్ ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"చాలా బాగుంది అత్తయ్యా," అన్నాను. అది నిజమే.

గబ్బిలాల కోసం చలికాలమంతా మూసే సొరంగాన్ని ఏప్రిల్లో తెరిచారు. ఆ వారం గురువారం దాకా ఆగలేదు, మంగళవారం పొద్దున్నే బయల్దేరాను. ముందు మాళిగ తలుపు తీశాను. అత్తయ్య కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఏయ్, ఎక్కడికి? ఇవాళ పీపాలు మార్చే రోజు! వైన్ విరిగిపోతుంది!"

"నాకు ముట్టు ఆగిపోయి రెండేళ్లయింది అత్తయ్యా. అప్పుడే లోపలికి రమ్మని ఎవరూ అనలేదేం?"

మేకుకి వేలాడుతున్న గాజు గొట్టం తీసి, అతిథుల తువ్వాళ్లు నాలుగు చుట్టి, సైకిల్ వెనక అడ్డంగా కాకుండా నిలువుగా కట్టాను. గేటు దగ్గర రెజిస్ ఎదురొచ్చాడు. తువ్వాళ్లు చూశాడు, నా మొహం చూశాడు.

"ఎక్కడికి?"

"సైకిల్ తొక్కడానికి. నువ్వేగా కొనిచ్చావు."

"ఇవాళ గురువారం కాదుగా... సాయంత్రం పై గదుల్లోకి ఆరుగురొస్తున్నారు."

"దుప్పట్లు బీరువాలో ఉన్నాయి. బాస్తియన్‌ని పిలు. ఈ ఇంటి కొడుకు గదా, పక్కలు వెయ్యడం దగ్గర్నుంచి మొదలుపెట్టమను. గ్లాసులు బోర్లించొద్దని కూడా చెప్పు."

అతని మొహంలో రంగు మారడం చూశాను. ఇన్నేళ్లలో మొదటిసారి అనుమానం అతని వైపుకి వెళ్లింది. నేను ఆగలేదు.

స్టేషన్ దాటాను. కొలెట్ చెయ్యి ఊపింది. సొరంగంలో చల్లగా ఉంది, నీటి చుక్కలు పడుతున్నాయి, వెనక గాజు చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. రోడ్డు మీద కార్లకి పక్కకి తప్పుకుంటూ, గుంటల్లో పడుతూ అయితే ఇది ఎప్పుడో పగిలేది. అవతలి వెలుగులోకి వచ్చాక కాలు కింద పెట్టి లెయోనికి ఫోన్ చేశాను.

"ఏంటమ్మా ఇంత పొద్దున్నే? నాన్నకి ఏమైనా అయిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నీ చేతులు కడుక్కుని ఉండు. పద్నాలుగేళ్లప్పుడు నీ దగ్గర లాక్కున్నది తెస్తున్నాను."