ఎర్రబడని కన్ను

ఆ ఉదయం ఆకాశం వానా కురవక, ఎండా కాయక, పిండని గుడ్డలా ముద్దగా ఉంది. వెలుతురు చాలక ఆమె పీట కిటికీ దగ్గరికి జరుపుకుంది. తలెత్తి చూస్తే వీధిలో ఉన్న ఒక్క కరెంటు తీగా మూడై కనిపించింది. కుడికన్ను మూసుకుంది. తీగ ఒక్కటైంది. సూది అందుకుంది.

భర్త దర్జీ. కత్తిరింపూ మిషను కుట్టూ దుకాణంలో ఆయనవి. కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం ఇంట్లో ఆమెవి. ‘చేతి కాజాలు మా ప్రత్యేకత’ అని బోర్డు మీద రాయించుకున్నాడు. ఎవరి చెయ్యో రాయించలేదు. ఎవరైనా అడిగితే, “మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుంది” అంటాడు.

నూలు ధూళికి పన్నెండేళ్ళుగా కళ్ళు దురద. చేతిలో సూది ఉంటుంది కాబట్టి వేళ్ళ కణుపులతో రుద్దుకునేది. గట్టిగా రుద్దితే హాయిగా ఉండేది. రోజంతటిలో తనకోసం తను చేసుకునే పని అదొక్కటే. అదీ అత్తగారి కంట పడేది. “ఊరికే అలా నలుపుకోకమ్మాయ్, చూసినవాళ్ళు నిన్ను మేం ఏడిపిస్తున్నాం అనుకుంటారు.” మసకగా ఉందని చెబితే భర్త గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూసేవాడు. “ఎర్రగా కూడా లేదు. జబ్బేమిటి?”

పోయిన వారం బడి మాస్టారి నాలుగు చొక్కాలు పాడయ్యాయి. సుద్దగీత ఒకటికి రెండుగా కనిపిస్తే, లేని గీత మీద కాజా కోసేసింది. కుట్టయితే విప్పుకోవచ్చు, కోసిన గుడ్డను ఏం చేస్తారు? మాస్టారు చొక్కా తొడుక్కుని దుకాణంలోనే నిలబడి, “ఏమయ్యా, చొక్కా బానే ఉంది, నేనే వంకరగా పుట్టినట్టున్నాను” అన్నాడట. నలుగురూ నవ్వారట. ఇంటికొచ్చి భర్త, “కళ్ళెక్కడ పెట్టుకున్నావు?” అన్నాడు. మర్నాడు ఆమె ఆ కళ్ళు తీసుకుని, ఒంటరిగా, మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ తెర మీద ఒక రంగుల పటం చూపించింది. “కంటి ముందు అద్దంలాంటి పొర ఉంటుందమ్మా. మీకది పలచబడి, మొనదేలి, ముందుకొస్తోంది. కుడివైపు బాగా ముదిరింది. ఎడమవైపు ఇప్పుడే మొదలు. ఎన్నాళ్ళుగా రుద్దుతున్నారు?”

“పెళ్ళయినప్పట్నుంచీ.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. “ఇందులో వాపు ఉండదనే ఇదివరకు మేమూ చదువుకున్నాం. ఎర్రబడదు కదా. ఇప్పుడు కన్నీళ్ళు పరీక్షిస్తే అందులో వాపు గుర్తులు దొరుకుతున్నాయి. రుద్దిన కొద్దీ అవి పెరుగుతాయి, పొర ఇంకా బలహీనపడుతుంది. మందు చుక్కలు వేసి, ప్రత్యేకమైన కాంతితో దాన్ని గట్టిపరుస్తాం. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. సోమవారం రండి, ముందు ఎడమకన్ను. తర్వాత కొన్నాళ్ళు పొగా దుమ్మూ తగలకూడదు, సూది పట్టకూడదు.”

“మూడు నెలలు ఆగు” అన్నాడు భర్త ఇంటి దగ్గర. “బ్యాండువాళ్ళ కోట్లు ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకొన్నాళ్ళు ఆగదా?”

దారం లాగుతూ ఆమె అదే ఆలోచిస్తోంది. మూడు నెలల్లో ఎడమకన్ను కూడా పోతే తీగలు ఎన్ని కనిపిస్తాయో. ఎర్రబడి ఉంటే ఎవరో ఒకరు చూసి ఉండేవారు. ఎర్రబడకపోవడమే తనకు ఈ ఇంట్లో పేరు తెచ్చింది. మా కోడలు పల్లెత్తు మాట అనదని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. విన్నప్పుడల్లా తనూ మురిసిపోయేది. లోపల ఇన్నేళ్ళు రాజుకుంటున్నదేదో పైకి కనపడకుండా కాపాడుకుంటూ వచ్చింది తనే కదా. మరొకరు వచ్చి చూస్తారని ఎందుకు కూర్చోవాలి?

మధ్యాహ్నం భర్త మూట తెచ్చి ఆమె పక్కన దించాడు. పన్నెండు ఎర్రకోట్లు.

“రేపు సోమవారం” అంది. “ఆసుపత్రికి వెళ్తున్నాను.”

“మరి ఇవి?”

“మీరు తీయండి.”

“నేనా? కాజాలా?”

“నాకు నేర్పింది మీరే కదండీ.”

అత్తగారు గడపలోంచి, “మరి వంటో?” అంది.

“పొగ తగలకూడదన్నారు అత్తయ్యా. మీ ఇద్దరూ చూసుకోండి.”

మాట గట్టిగా అనలేదు.

ఆమె మూడు కంచాలు పెట్టింది, తనకూ వడ్డించుకుని వాళ్ళతోపాటే కూర్చుంది. కాసేపటికి కూరగిన్నె ఖాళీ అయింది. భర్త గిన్నె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె తింటోంది. ఆయనే గిన్నె తీసుకుని లేచాడు. వంటగదిలో గరిటె కోసం వెతుకుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఎక్కడుందో ఆమె చెప్పలేదు. ఆయన గిన్నె నింపుకుని తిరిగొచ్చి కూర్చున్నాడు. ముగ్గురూ తిన్నారు.