జ్ఞాపకార్థం బీరువా

నేను ఒక అద్దాల బీరువాను. టేకు చెక్కతో, రెండు తలుపులతో చీరాలలో పుట్టాను. నన్ను చేసిన వడ్రంగి బ్రహ్మయ్య మంచి పనివాడే గానీ, రేపిస్తాను మాపిస్తాను అంటూ నాంచారమ్మను తెగ తిప్పుకున్నాడు. నేను ఎవరి కోసమో తెలిశాక మాత్రం నోరు మూసుకుని, వేలు జారిపోయేంత నున్నగా చిత్రిక పట్టాడు.

నాంచారమ్మ జాకెట్లు కుట్టుకుని బతికేది. హైమ ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు పుస్తకాల పిచ్చి. ఏ పుస్తకాల కొట్టు మూతపడుతోందన్నా, ఎక్కడ పాత పుస్తకాలు సగం ధరకు ఇస్తున్నారన్నా అన్నం మానేసి పరుగెత్తేదట. కూరగాయల దగ్గర నోరు పెగలని పిల్ల, పుస్తకాల దగ్గర గీసి గీసి బేరమాడేదట. డిగ్రీ చదువుతుండగా మెదడువాపు జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా ప్రాణం పోయింది.

కూతురి పుస్తకాలు నాలో సర్ది, నన్ను మా వీధి పఠనమందిరానికి ఇచ్చింది నాంచారమ్మ. నా అద్దం మీద 'కీ.శే. హైమావతి జ్ఞాపకార్థం' అని ఎర్ర రంగుతో రాయించారు. సభ పెట్టారు, దండ వేశారు, కమిటీ పెద్దలు తలా ఒక ఉపన్యాసం దంచారు. బతికున్నప్పుడు ఆ పిల్లను ఒక్క మాట పలకరించని వాళ్లు కూడా గొంతు బొంగురు చేసుకున్నారు.

చివర్లో నాంచారమ్మ లైబ్రేరియన్ పానకాలరావు గారికి చేతులు జోడించింది.

"ఎవరడిగినా ఇవ్వండి బాబుగారూ. నలిగినా పర్లేదు, చిరిగినా పర్లేదు. మా పిల్ల పుస్తకాలు నలుగురూ చదవాలి."

"మీరు దిగులు పడకండమ్మా. కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాను" అన్నాడాయన.

అన్నట్టే చూసుకున్నాడు. మర్నాడే నాకు తాళం వేశాడు! చచ్చిపోయిన పిల్ల పుస్తకాలు, ఒక్కటి పోయినా ఆ తల్లికి ఏం జవాబు చెప్పాలని ఆయన భయం. శుక్రవారం శుక్రవారం నా అద్దాలు తుడిచేవాడు. ఎవరైనా నా వైపు వేలు చూపిస్తే, "అవి జ్ఞాపకార్థం పుస్తకాలయ్యా, పక్క బీరువాలో చూసుకో" అనేవాడు. చెడ్డవాడు కాడు. మంచితనంతోనే మమ్మల్ని ఊపిరాడకుండా చేశాడు.

ఏటా హైమ పోయిన రోజున నాంచారమ్మ వచ్చేది. అద్దం బయటే నిలబడి, "తీసుకెళ్తున్నారా బాబుగారూ?" అని అడిగేది. నిజం చెప్పలేక ఆయన "ఓ, ఎందుకు తీసుకెళ్లరూ!" అనేవాడు. వరస చెదరకుండా ఉన్న పుస్తకాలను చూసి, చదివినవాళ్లు ఎంత బుద్ధిగా తిరిగి తెచ్చిచ్చారో అని ఆమె మురిసిపోయేది. నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో! బహుశా నేనూ చెప్పలేకపోయేదాన్ని.

ఏళ్లు గడిచాయి. పఠనమందిరం స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కడతామన్నారు. పుస్తకాలన్నీ సగం ధరకని గుమ్మానికి బోర్డు కట్టారు. అమ్మకం రోజు తెల్లవారగానే పానకాలరావు గారు వచ్చి నా తాళం తీశాడు. ఒక్కో పుస్తకం చివరి అట్ట లోపల, గడువు తేదీలు వేసే కాగితం తెల్లగా ఉంది. తారీఖు ముద్రలో అంకెలు తిప్పుకుంటూ, ఎప్పెప్పటివో తారీఖులు గుద్దుకుంటూ పోయాడు. పాపం, ఆమె వచ్చేలోగా మమ్మల్ని ఊరంతా చదివినట్టు చెయ్యాలని ఆయన తాపత్రయం.

తలుపులు తెరిచేసరికి జనం ఎగబడ్డారు. చదవని వాళ్లకు కూడా సగం ధర అంటే చదువు మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఒకావిడ హాలు గోడకు నప్పే రంగు అట్టలు ఏరుకుంది. గోనెసంచులతో వచ్చిన వ్యాపారి నాలో చెయ్యి పెట్టి, "ఏళ్లుగా ఒక్క చెయ్యీ పడలేదురోయ్! మడత కూడా నలగలేదు!" అని కేకపెట్టాడు.

"అన్నీ చదివినవేనయ్యా!" అని కసిరాడు పానకాలరావు గారు. అప్పటికే నాంచారమ్మ ఆయన వెనకాల నిలబడి ఉంది.

ఆమె ఒక లావుపాటి నవల తీసింది. జ్వరం వచ్చినప్పుడు హైమ మంచం మీద చదువుతున్నది అదే. వెనక అట్ట తిప్పి తారీఖుల వరస చూసింది. ముఖం ఎంత వెలిగిందో! మళ్లీ ముందుకు తిప్పుతుంటే పుస్తకం సగంలో దానంతటదే తెరుచుకుంది. పేజీకి హైమ జడపిన్ను పెట్టి ఉంది. చదవడం ఆపినప్పుడల్లా జడలోంచి తీసి పెట్టుకునేదట. అది తుప్పుపట్టి కాగితానికి అంటుకుపోయింది. హైమ తర్వాత ఆ పేజీ ఎవరూ దాటలేదు.

నాంచారమ్మ ఆ పిన్నును చాలాసేపు చూసింది. పానకాలరావు గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని నేను బిగుసుకుపోయాను.

"ఇంతమంది చదివారా బాబుగారూ... నా బిడ్డ పేరు నిలబెట్టారు" అంది ఆమె.

ఆ నవలను ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"దీన్ని నేను తీసుకెళ్తాను. తారీఖు వెయ్యండి."

"ఇంక లైబ్రరీయే లేదమ్మా. తిరిగివ్వక్కర్లేదు."

"అయినా వెయ్యండి. నేను చదువుతాను."

ముద్ర వేస్తున్నప్పుడు ఆయన కన్నీళ్లు ఆ కాగితం మీదే పడ్డాయి. నాలో ఉన్న పుస్తకాలన్నిటిలోకీ నిజమైన తారీఖు అదొక్కటే. మిగతావి గోనెసంచుల్లోకి వెళ్లిపోయాయి. ఎప్పుడైనా, ఎక్కడైనా హైమలాంటి పిల్ల వాటిని బేరమాడి కొనుక్కోవాలని నా కోరిక.

నన్ను ఒక బేకరీ అతను కొన్నాడు. బ్లేడు పెట్టి హైమ పేరు గీకేశాడు, తాళం ఊడబీకాడు. ఇప్పుడు నా అరల్లో రొట్టెలు, రస్కులు. పొద్దస్తమానం ఎవరో ఒకరు నా తలుపు తీస్తూనే ఉంటారు. అలా తీసినప్పుడల్లా, ఇంత తేలికైన పనా ఇది అని నాకు ఏడుపొస్తుంది.