డటన్ గారి ఆఫీసులో టీ

లోర్నా టనిక్లిఫ్ పొద్దున్నే లేచి కెటిల్‌లో నీళ్ళు పోసి, రెండు కప్పులు తీసి, రెండింట్లోనూ టీ బ్యాగులు వేసి, ఆ తర్వాత ఒకటి తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేసేది. ఫిబ్రవరిలో భర్త క్లైవ్ పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఏడుస్తూ పెట్టేది కాదు. జతలో ఒక మేజోడు కనబడకపోతే రెండోదాన్ని అరలో పడేస్తామే, అలా పెట్టేసేది. మిగిలిన కప్పులో రెండు చెంచాల చక్కెర, కాసిని పాలు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి తాగేది. వేడిగా ఉన్నట్టు తెలిసేది గానీ రుచి తెలిసేది కాదు.

నాలుక మొద్దుబారిపోయింది. రొట్టె మీద మార్మలేడ్ రాసినా, చెల్లెలు షీనా మీట్ పై చేసి తెచ్చినా అన్నీ ఒకటే. డాక్టరు నోరు తెరిపించి చూసి, "దానంతటదే వస్తుందమ్మా, తొందరపడకండి" అన్నాడు. లోర్నాకి తొందరేమీ లేదు. అంత్యక్రియల రోజు ఆమె ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. పళ్ళెం పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగి, "ఇంకొక శాండ్‌విచ్ తీసుకోండి" అంటూ మర్యాదలు చేసింది. ఎంత గుండె నిబ్బరం అనుకుంటూ వెళ్ళారు జనం. అది నిబ్బరం కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

లోపల ఏమీ లేకపోవడం హాల్విచ్ ఊరికి కొత్త సంగతి కాదు. అక్కడ తరతరాలుగా నేల కింద ఉప్పు తవ్వుకున్నారు. తవ్విన చోటల్లా డొల్ల. బజారులోని పబ్బు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. బల్ల మీద గ్లాసు పెడితే జారిపోతుంది కనక తాగేవాళ్ళు చేత్తో పట్టుకునే మాట్లాడుకుంటారు. కింద ఎక్కడెక్కడ తవ్వారో కౌన్సిల్ వాళ్ళ దగ్గర పటాలున్నాయి గానీ, పటాలు గీయడం మొదలవకముందే తవ్విన గుంతల సంగతి వాళ్ళకీ తెలియదు.

అందుకే ఆ ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళు మాంసం కొట్టు పై అంతస్తులో ఉన్న డటన్ గారి దగ్గరికి వెళ్ళేవారు. ఇంటి కొనుగోలు వ్యవహారాలు చూసే సొలిసిటర్ ఆయన. గొప్పతనం ఆయనది కాదు, ఆయన ఆఫీసులో ఇచ్చే టీది. అక్కడ కూర్చుని ఏ ఇంటి గురించి మాట్లాడుకుంటారో, ఆ ఇంటి కింద నేల గట్టిగా ఉంటే టీ టీలాగే ఉంటుంది. డొల్లగా ఉంటే చేతిలో కప్పు ఉండగానే టీ ఉప్పుగా మారిపోతుంది. ఊళ్ళో దీని గురించి ఎవరూ వింతగా చెప్పుకోరు. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోతాయని చెప్పుకుంటామా? ఇల్లు చూసుకున్నామని ఎవరైనా అంటే, "మరి డటన్ గారి టీ ఎలా ఉంది?" అని అడుగుతారు, బేరం సంగతి అడిగినట్టే.

క్లైవ్ వదిలి వెళ్ళిన ఇన్సూరెన్స్ డబ్బు వచ్చాక, షీనా పాప్లర్ వీధిలో ఒక ఇల్లు చూసింది. మెట్లు లేని ఇల్లు, ముందు చిన్న తోట, షీనా ఇంటికి నాలుగు గుమ్మాల దూరం.

"బావ పోయాక ఆ కొంపలో ఒక్కదానివీ ఏం చేస్తావక్కా? అన్నీ మెట్లే. ముందు ఇది కొనెయ్. తర్వాత నింపాదిగా దాన్ని అమ్ముకోవచ్చు," అంది షీనా.

"సరే," అంది లోర్నా.

"ఆలోచించుకుని చెప్పు."

"సరే అన్నాగా."

ఆ రోజుల్లో ఎవరేమన్నా ఆమె సరే అనేది. ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటు గ్యారెత్ అనే ఆయన ఊపిరి సలపనివ్వకుండా మాట్లాడేవాడు. "లోకల్ సొలిసిటర్లు నత్తలండీ మేడమ్. మా కంపెనీ రికమెండ్ చేసే వాళ్ళున్నారు, అంతా ఫోన్‌లోనే. మీరు సోఫాలోంచి లేవక్కర్లేదు." ఆ కంపెనీకి పని పంపిస్తే తనకి కమీషన్ వస్తుందన్న మాట ఒక్కటే ఆయన చెప్పలేదు. లోర్నా సరే అని, ఆ నెంబరుకి ఫోన్ చేసింది. చాలాసేపు పాటలు వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మీ ఊళ్ళో గనులేమైనా ఉన్నాయాండీ?"

"ఉప్పు గనులు."

"ఉప్పా?" ఆ అమ్మాయి కాసేపు వెతికింది. "ఈ లిస్టులో బొగ్గు ఉందండీ, తగరం ఉంది. ఉప్పు లేదే. గనులు లేవు అని కొట్టేయమంటారా?"

"సరే," అంది లోర్నా.

అంతలో ఫోన్ కట్ అయిపోయింది. మళ్ళీ చేయాలనిపించలేదు. చేయకూడదనీ అనిపించలేదు. రొట్టె కొనుక్కొద్దామని బజారుకి బయల్దేరింది. వాన పట్టుకుంటే మాంసం కొట్టు పందిరి కింద నిలబడింది. పై నుంచి పాలీన్ తొంగిచూసింది. పాలీన్ డటన్ గారి ఆఫీసులో ఫోన్లు చూసేది, టైపు కొట్టేది, టీ పెట్టేది.

"అక్కడేం నిలబడ్డావు తల్లీ, కోటు మొత్తం తడిసిపోయింది! పైకి రా."

మంచి సొలిసిటర్‌ని ఎలా ఎంచుకోవాలో పేపర్లలో పెద్ద పెద్ద సలహాలు రాస్తుంటారు. నలుగురిని విచారించమంటారు, ఫీజులు పోల్చి చూడమంటారు. లోర్నాకి సొలిసిటర్‌ని వాన ఎంచి పెట్టింది.

డటన్ గారు ముసలివాడైపోయాడు. ఒకప్పుడు క్లయింట్లతో పాటు ఆయనా ఒక కప్పు తాగేవాడు. అన్నేళ్ళు ఊరందరి ఉప్పూ తాగి రక్తపోటు పెరిగితే, డాక్టరు ఆఫీసులో టీ ముట్టుకోవద్దన్నాడు. ఇప్పుడు ఆయన మంచినీళ్ళు తాగుతూ క్లయింటు మొహం చూస్తాడు.

"పాప్లర్ వీధి ఇల్లు," అన్నాడు, లోర్నా సంగతంతా చెప్పాక పటాల నకళ్ళు ముందు పెట్టుకుని. "కౌన్సిల్ పటాల్లో దాని కింద ఏమీ లేదమ్మా. అయితే పటాల సంగతి మీకూ నాకూ తెలిసిందే. టీ ఎలా ఉంది?"

పాలీన్ తెచ్చిచ్చిన టీ లోర్నా ఒక గుక్క తాగింది. వేడిగా ఉంది. ఒకళ్ళ ఇంటికెళ్ళి, ఒకళ్ళ చేతి టీ తాగి, రుచి తెలియట్లేదని చెప్పేవాళ్ళు ఆ దేశంలోనే ఉండరు. అలా చెబితే తర్వాత ఎందుకని అడుగుతారు. అడిగితే క్లైవ్ గురించి చెప్పాలి.

"చాలా బాగుంది," అంది.

"నిజంగానా?"

"చాలా బాగుందండీ." అడుగుదాకా తాగేసింది. పాలీన్ కప్పు తీసుకుని ఒక్క క్షణం దాని అడుగు వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ టీ ఇచ్చారు. రెండుసార్లూ చాలా బాగుందనే చెప్పింది, అదే గొంతుతో. షీనా కర్టెన్లకి కొలతలు తీసుకుంది. లేత పచ్చవా, లేత నీలమా అని అడిగితే లోర్నా సరే అంది.

చివరి రోజు వచ్చింది. ఇళ్ళ కొనుగోళ్ళలో అక్కడి పద్ధతి ఒకటుంది. రెండు పక్షాల సొలిసిటర్లూ ఫోన్‌లో మాట్లాడుకుని, ఒప్పంద పత్రాలు ఇచ్చిపుచ్చుకున్నాం అనేదాకా ఎవరైనా వద్దని తప్పుకోవచ్చు. ఆ ఒక్క మాటా అనేశాక ఇక వెనక్కి రావడానికి లేదు, వస్తే కట్టిన అడ్వాన్సు పోతుంది. మామూలుగా క్లయింట్లు ఆ సమయానికి ఇంట్లోనే ఉంటారు. డటన్ గారు పాతకాలం మనిషి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ ఇచ్చి, అప్పుడు ఫోన్ తీస్తాడు.

లోర్నా చేతిలో కప్పుంది. డటన్ గారు కళ్ళజోడు సర్దుకుని నెంబరు కోసం వెతుకుతున్నాడు.

"ఆ కుండీ చూశారా?" అన్నాడు తల ఎత్తకుండానే. కిటికీలో ఒక మట్టి కుండీ ఉంది. మొక్క లేదు. మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టి ఉంది. "మంచి జెరేనియం ఉండేది అందులో. మీ ఆయన చంపేశాడు."

"క్లైవా?"

"మీరూ ఉన్నారుగా! కొత్తగా పెళ్ళైన రోజులు. కాలువ పక్క ఇల్లు కొంటామని వచ్చారు. ఒక్క గుక్క తాగి, 'ఛీ, ఇదేం టీ అయ్యా బాబూ, సముద్రం!' అని ఆ కుండీలో ఉమ్మేశాడు. ఆ తర్వాత అందులో ఏది పెట్టినా బతకలేదు." డటన్ గారు నవ్వాడు. "నా సర్వీసంతటిలో మొహం మీద ఆ మాటన్నది ఆయనొక్కడేనమ్మా. మిగతావాళ్ళంతా కడుపు నిండా తాగి, థాంక్యూ చెప్పి, మర్నాడు ఫోన్ చేసి ఇల్లు వద్దనుకుంటున్నాం అనేవాళ్ళు."

లోర్నా ఆ కుండీని ఇన్నిసార్లు వచ్చినా చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆ రోజు తన టీ కూడా ఉప్పుకషాయమే. తను మాత్రం అడుగుదాకా తాగి, పాలీన్‌తో చాలా బాగుందని చెప్పింది. కిందికి దిగాక క్లైవ్ దీపస్తంభం పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "చాలా బాగుందా? లోర్నా, నిన్ను బావిలోకి తోసినా నీళ్ళు బాగున్నాయనే అంటావే నువ్వు! సర్లే. బాగాలేదని చెప్పడం ఇక నా డ్యూటీ. నువ్వు నీ మర్యాదలు చూసుకో."

అలాగే జరిగింది. హోటల్లో సూపు చల్లారిపోతే క్లైవ్ చెప్పేవాడు. ప్లంబరు పని సరిగా చేయకపోతే క్లైవ్ చెప్పేవాడు. షీనా ఎంచే కర్టెన్ల రంగుల గురించి కూడా క్లైవే చెప్పేవాడు. బాగాలేదని చెప్పే మనిషి పోయాడు. ఈ నెలలన్నీ ఆమె బావిలో కూర్చుని నీళ్ళు బాగున్నాయంటోంది.

ముక్కు పక్క నుంచి ఏదో కారి పెదవి మీదికి వచ్చింది. ఉప్పగా తగిలింది. ఫిబ్రవరి తర్వాత నాలుకకి తెలిసిన మొదటి రుచి అది. ఒకరి ఆఫీసులో ఏడవడమా అని సిగ్గేసి, కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నందుకు ఒక గుక్క తాగక తప్పలేదు.

కన్నీటి ఉప్పు కాదది. నోరంతా కోసుకుపోయే ఉప్పు.

"హలో, హాల్విచ్ నుంచి డటన్ని," అంటున్నాడు డటన్ గారు ఫోన్‌లో. "ఆఁ, పాప్లర్ వీధిదే. మా వైపు సిద్ధం. మీరు కూడా ఊఁ అంటే..."

లోర్నా నోటి నిండా టీ ఉంది. మింగితే మర్యాద. ఒక మనిషి ఫోన్‌లో ఉండగా అడ్డు రావడం అమర్యాద. ఆమె మింగబోయింది కూడా. గొంతు ఒప్పుకోలేదు. లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వంగి, క్లైవ్ ఉమ్మిన కుండీలోనే ఉమ్మేసింది.

"ఛీ!" అంది. కాసేపటికి, "బాగాలేదండీ," అంది.

డటన్ గారు ఆమెని చూశాడు. "ఒక్క నిమిషం," అన్నాడు ఫోన్‌లో. "క్షమించాలి. ఇక్కడ టీ బాగాలేదు."

అవతలి సొలిసిటర్ది కూడా ఆ చుట్టుపక్కల ఊరే. "అయ్యో, అలాగా. ఉంటానండీ," అని పెట్టేశాడు.

పాలీన్ గుమ్మంలో నిలబడి ఏప్రాన్ నలుపుతోంది. "నాకు మొదటిసారే తెలుసు తల్లీ. కప్పు అడుగున తెల్లగా మిగిలింది. కానీ నువ్వు బాగుందన్నావు. అంత దుఃఖంలో ఉన్న మనిషి బాగుందంటే కాదని ఎలా అనను? తెలిసే కొంటున్నావనుకున్నాను."

"తెలిసి ఎవరు కొంటారే?" అన్నాడు డటన్ గారు.

"ఏమో. అన్నిటికీ అలాగే తలూపుతోంది."

లోర్నా కుర్చీలో కూర్చుని ఏడ్చింది. జేబురుమాలు సరిపోకపోతే పాలీన్ కప్పులు తుడిచే గుడ్డ తెచ్చిచ్చింది. ఇద్దరూ చెరోవైపు చూస్తూ ఆమెని ఏడవనిచ్చారు. పాప్లర్ వీధి ఇంట్లో వంటగది అక్టోబరులో ఒక ఆదివారం నేలలోకి దిగిపోయింది, దాని వెనకాలే పడకగది. ఇల్లు అమ్ముడుపోక ఖాళీగానే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి లోర్నా మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి విన్నది. అదంతా తర్వాతి మాట.

ఆ రోజు ఆమె ఏడుపు సద్దుమణిగాక, పాలీన్ ఇంకో కప్పు పెట్టి తెచ్చింది.

"మరి ఇప్పుడున్న ఇల్లు అమ్మే సంగతేమిటి?" అడిగాడు డటన్ గారు. "మిల్ బ్రౌ వీధిలో ఇల్లు. ఎలా ఉంటుందది?"

"మెట్లు ఎక్కువ," అంది లోర్నా. "వెనక కిటికీ సరిగా మూతపడదు. క్లైవ్ బాగుచేస్తానని బాగుచేస్తానని..." ఆగి, టీ తాగింది. వేడిగా, చిక్కగా, కాస్త వగరుగా ఉంది. ఉప్పు లేదు. ఇంకొక గుక్క తాగి చూసింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు డటన్ గారు ముందుకి వంగి.

లోర్నా కప్పు సాసరులో పెట్టి పాలీన్ వైపు తిరిగింది.

"ఒక్క చెంచాయే వేశావు పాలీన్. నాకు రెండు కావాలి."

పాలీన్ వెళ్ళి చక్కెర డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది.