తన్నే తుపాకి

ఆదివారం పొద్దున్నే గొడవ బల్లగుడ్డ మీది కాఫీ మరకతో మొదలైంది.

"నిన్ననే ఉతికి పరిచాను మావయ్యా. కాస్త చూసుకుని తాగకూడదూ?" అంది హెస్టర్.

"కప్పు అంచుదాకా నింపిందెవరు? కాఫీ పోయడం కూడా నేర్పాలా?" అన్నాడు వెసెల్.

"సగమే పోశాను."

"అయితే నీ కప్పే వంకర."

ఆమె చూపు మరక మీంచి ఆయన చేతి మీదికి వెళ్లింది. ఎడమచేత్తో తాగుతున్నాడు. కుడిచేతిని కదపడమే లేదు. నిన్న సాయంత్రం తుపాకి పేల్చి వచ్చాడు. అది వెనక్కి తన్నిన దెబ్బకి కాలరు పక్కన చర్మం నల్లగా కమిలి ఉంది.

మంగళవారం వాళ్ల పొలానికి డబ్బు కట్టి అడవిదున్నను వేటాడే అతిథి వస్తున్నాడు. అతని గురి తప్పితే దున్నను ఆపాల్సింది వెసెల్. ఆయన పక్కనే నడిచేది కొడుకు రికస్, హెస్టర్ మొగుడు. పోయిన చలికాలం వెసెల్ తన పెద్ద తుపాకి 458తో కాల్చిన తూటా కిందికి పోయి దున్న కాలికి తగిలింది. ఆ దున్న ముళ్లపొదల్లోంచి తిరిగొచ్చి రికస్ పక్కటెముకలు విరిచింది. తప్పు గాలిదన్నాడు వెసెల్. అంత దగ్గర్లో గాలికి తూటా ఎటూ పోదని హెస్టర్‌కి తెలుసు. వేట లైసెన్సు ఆమెకీ ఉంది. అయినా ఆ ఇంట్లో వేట రోజు ఆమె చోటు వంటగదే.

"నాన్నా, ఈసారి చిన్న తుపాకి, 375 తీసుకెళ్లు. 458లో సగం కూడా తన్నదు," అన్నాడు రికస్ మెల్లగా.

"ఆడపిల్లలు పట్టుకునేది అది."

"అయితే నేను తూటా పెట్టి ఇస్తాను, మీరు కాల్చండి," అంది హెస్టర్.

దక్షిణాఫ్రికాలోని ఆ లింపోపో వేటగాళ్లకి అదేమిటో చెప్పక్కర్లేదు. తుపాకి నింపేది ఒకరు, కాల్చేది ఒకరు; లోపల ఉన్నది మందున్న తూటానో, ఖాళీదో కాల్చేవాడికి తెలియదు. కొడుకు ముందు కాదనలేక వెసెల్ లేచాడు.

"నాకు పరీక్షా? పద, చూద్దాం!"

చెదపుట్టకి ఆనించిన అట్ట దున్నబొమ్మ ముందు, మూడుకర్రల ఊత మీద 458 పెట్టాడు. మొదటిది నిజం తూటా. చెవులు గింగురుమన్నాయి, ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అట్టకి కింద ఎక్కడో చిల్లు పడింది. రెండోసారి హెస్టర్ ఖాళీది పెట్టింది.

టక్‌మంది. అంతే.

గొట్టం జానెడు కిందికి దిగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, భుజం ముందుకు ఎగిరింది. ఇన్నాళ్లూ పేలుడు చాటున దాగినదంతా ఆ నిశ్శబ్దంలో బయటపడింది. రికస్ కూడా చూశాడు.

"మోసం!" అని అరిచాడు వెసెల్.

"తుపాకి వెనక కొయ్యకి రబ్బరు మెత్త వేయిద్దామంటే వద్దన్నారు. భుజం మానేదాకా ఆగమంటే ఆగలేదు. తన్నుకి మీ ఒళ్లు ముందే బెదిరిపోతోంది మావయ్యా."

"ఆ మెత్తేదో నీ నోటికి వేయించుకో!"

"పెద్ద తూటా కాలికి తగిలితే ఏం ఒరిగింది? చిన్నదైనా గుండెలో దిగితే దున్న పడుతుంది. మీ మగతనం మీ భుజం మీదే చూపించుకోండి, నా మొగుడి ఎముకల మీద కాదు."

ఆమె 375 అందించింది. ఆయన దాన్ని ముట్టుకోకుండా ఇంటివైపు నడిచాడు.

మధ్యాహ్నం బల్ల మీద కాల్చిన గొర్రెమాంసం, గుమ్మడికాయ, పసుపన్నం. వెసెల్ ప్రార్థన ఎన్నడూ లేనంత సేపు సాగింది. పెద్దలకి ఎదురు చెప్పేవాళ్లని క్షమించమని దేవుణ్ణి రెండుసార్లు అడిగాడు. ఆమెన్ అంటూనే తలెత్తాడు.

"మంగళవారం నేను 458తోనే వెళ్తున్నాను. రికస్ నా పక్కన. ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. గుమ్మడికాయ ఇటివ్వు."

హెస్టర్ గిన్నె కదపలేదు. మొగుడి వైపు చూసింది. అతను తలదించుకుని మాంసం కోస్తున్నాడు. ఎప్పటిలాగే సరేనంటాడనుకుంది.

రికస్ కత్తి పక్కన పెట్టాడు.

"నేను రాను నాన్నా."

"ఏంటీ?"

"ఆ తుపాకి వస్తే నేను రాను. మంగళవారం అందరికన్నా ముందు హెస్టర్ నడుస్తుంది, 375తో. తన పక్కన నేనుంటాను. నువ్వొస్తే బండి దగ్గర ఉండు."

"ఇది నా పొలంరా!"

"నీదే. ఆ దున్న విరిచిన ఎముకలు మాత్రం నావి. తిన్నాక అతిథికి ఫోన్ చేసి చెప్పేస్తాను."