అడగని బరువు

ఏప్రిల్ మూడో వారంలో గాలి దక్షిణానికి తిరిగింది. చూరుల నుంచి నీళ్లు కారడం మొదలైంది. చూలు రెయిన్‌డీర్లు మేత మాని, ఉత్తరం వైపే ముఖాలు పెట్టుకుని నిలబడ్డాయి. వాటి ఈనే చోటు సముద్రం పక్క కొండల్లో ఉంది, తొమ్మిది రోజుల దారి. మంచు మీద పెచ్చు గట్టిగా ఉండే పొద్దుటి పూట నాలుగు గంటలసేపే నడక. ఎండ ఎక్కితే కాలు తొడదాకా దిగుతుంది. ఆ పెచ్చు ఇంకెన్నాళ్లు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. ఆ వారం మా ఊళ్లో ఎవరూ కూర్చుని కాఫీ తాగలేదు. కప్పు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడ్డారు.

మోకాలు పోయాక నేను మంద వదిలేశాను. మంచుబండ్లు బాగుచేస్తాను, ముందు స్కీల మీద, వెనక రబ్బరు పట్టా మీద నడిచే మోటారు బండ్లు. రిస్టెన్ తన అన్న బండిని నా కొట్టం ముందు ఆపింది. దిగకుండానే మొదలుపెట్టింది.

"యోవ్నా మావయ్యా, ఇది బండి కాదు, చేట. నన్ను పట్టుకుని చెరుగుతోంది."

"మీ అన్న నూటపది కిలోల మనిషి. నువ్వెక్కిన సంగతే దానికి తెలిసుండదు."

ఆమె అన్న నీలస్ జనవరిలో తుంటి విరిగి ఆసుపత్రిలో పడ్డాడు. మంద ముందు బండి అతనిదే. ముందు బండికి తాడుతో ఒక పెంపుడు పోతును, మగ రెయిన్‌డీర్‌ని, కడతారు. ఆ పోతు వెనక మంద కదులుతుంది. ముందు నడిచిన ఇంటివాళ్లకే ఈనే లోయల్లో మొదటి ఎంపిక. ఆ చోటు ఒకసారి చేయి జారితే మళ్లీ రాదు. ఆ పొద్దు రిస్టెన్‌కి అన్న చోటు నిలబెట్టడం తప్ప మరో ఆలోచన లేదు. మాట్లాడుతూనే చేతి తొడుగు తీస్తోంది, వేస్తోంది.

"కూర్చో," అన్నాను.

నేల నుంచి వెనక కమ్మీ దాకా టేపు పెట్టి చూశాను. మనిషి కూర్చుంటే బండి వెనక భాగం దిగగలిగినదాంట్లో మూడో వంతు దిగాలి. ఆమె కూర్చుంటే వేలి మందం కూడా దిగలేదు. వెనక స్ప్రింగుల బిగువుకి మూడు మెట్లుంటాయి. నీలస్ కోసం మూడో మెట్టు మీద పెట్టినవాణ్ని నేనే. మొదటి మెట్టుకి దించాను. ముందు స్ప్రింగులూ వదులు చేశాను. మళ్లీ కూర్చోబెట్టి కొలిస్తే లెక్క సరిగ్గా వచ్చింది.

చెరువు మీద రెండు చుట్లు తిరిగి వచ్చింది. నవ్వుతోంది.

"పరుపు మీద కూర్చున్నట్టుంది మావయ్యా! ఇదేదో జనవరిలోనే చేసుంటే నా నడుం మిగిలేది."

"జనవరిలో అడిగావా?"

"అడిగితే మాత్రం పలుకుతావా నువ్వు?"

మరునాడు పొద్దున్నే మంద కదిలింది. ఊరికి రెండు మైళ్ల అవతల ఏరు వంపు తిరుగుతుంది. అక్కడ నీళ్లు చలికాలమంతా గడ్డకట్టవు. బండి ఆ వంపులో గట్టు పట్టుకుని తిరగాలి. తిరగకపోతే ఎదురుగా నల్లటి నీళ్లే. అందుకని అక్కడ మనుషుల్ని నిలబెడతారు. నేనూ నిలబడ్డాను. మంద పెద్ద అస్లాక్ నా పక్కన ఉన్నాడు, తన బండి ఇంజను ఆపకుండా, చేయి వేగం మీట మీదే పెట్టుకుని.

రిస్టెన్ వచ్చింది. ఒక మోకాలు సీటు మీద ఆనించి, మొహం వెనక్కి తిప్పి పోతునే చూస్తోంది. ముందు బండి నడిపేవాళ్లంతా అలాగే నడుపుతారు. వంపు దగ్గర హ్యాండిల్ తిప్పింది. స్కీలు తిరిగాయి. బండి తిరగలేదు. నేరుగా నీళ్ల మీదికి జారింది.

అస్లాక్ ఏదో అరిచాడు. ఆమె బ్రేకు నొక్కి పక్కకి దూకింది. నీళ్లకి పదడుగుల ఇవతల బండి ఆగింది. పోతు బెదిరి తాడు తెంపుకుంది. దాని వెనక మంద మొత్తం గిర్రున తిరిగి కొండ మీదికి పరుగెత్తింది. దాన్ని కూడదీసేసరికి మధ్యాహ్నమైంది. ఒక పొద్దు పోయింది.

"రేపు హేయ్‌కా ముందుంటాడు," అన్నాడు అస్లాక్. హేయ్‌కా వేరే ఇంటి కుర్రాడు, వాడు ముందుంటే మొదటి ఎంపిక వాళ్లదే.

"పెదనాన్నా, బండి తిరగలేదు."

"బండి తిరగడమేంటే? తిప్పాలి."

"తప్పు నాది," అన్నాను.

"నీదైతే నీళ్లలో నువ్వు పడవుగా," అని అటు తిరిగిపోయాడు.

నేను వంపు దగ్గరికి నడిచి జాడ చూశాను. తిన్నని దారిలో స్కీల గీతలు వేలి లోతున ఉన్నాయి. వంపులో గోరుతో గీరినట్టు ఉన్నాయి, అంతే. వెనక పట్టా మాత్రం చాలు తీసినట్టు దున్నుకుపోయింది. ముందు భాగం తేలింది, వెనక కూలబడింది. యాభై కిలోల మనిషికి అంత జాడ పడదు.

ఆ జాడ పక్కన నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను.

మా దగ్గర ఎవరినీ మందలో ఎన్ని తలలున్నాయని అడగరు. అడిగినవాణ్ని పెంపకం లేనివాడంటారు. ప్రయాణంలో ఎవరి మేత బస్తాలు వాళ్లే, ఎవరూ చూడకుండా కట్టుకుంటారు. ఇన్ని తలలకి ఒక బస్తా అని ఏర్పాటు ఉంది కాబట్టి బస్తాలు తెలిస్తే మంద తెలిసినట్టే. మిగతావాళ్లు బస్తాలు వెనక లాగుడుబండి మీద వేస్తారు. ముందు బండికి పోతు తాడుంటుంది, లాగుడుబండి కుదరదు. బస్తాలన్నీ సీటు వెనకే ఎక్కాలి. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతే. అయినా ఎంత బరువు ఎక్కిస్తావని నేను అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. పైగా పట్నం వాళ్లని కూర్చోబెట్టినట్టు ఆమెను ముందుకి చూసేలా కూర్చోబెట్టి కొలిచాను. అలా కూర్చుని నడిపేవాణ్ని మా మందలో నేనెన్నడూ చూడలేదు.

మంద ఆ పూటకి వంపు ఇవతలే దిగింది. రిస్టెన్ తన గుడారం బయట బండి చుట్టూ తిరుగుతోంది. కూర్చోవడం లేదు.

"రిస్టెన్, వెనక ఎంత బరువు కట్టావు?"

ఆమె మొహం గట్టిపడింది. "ఏం, మా తలలు లెక్కపెట్టడానికొచ్చావా మావయ్యా?"

"స్ప్రింగులకి చెప్పడానికొచ్చాను."

"స్ప్రింగులకి చెప్తే ఊరికి చెప్పినట్టే. అన్న మూలుగుతూ పడున్నాడు, నేను మా ఇంటి గుట్టు చెప్పుకోవాలా?"

"నేను అటు తిరుగుతాను. నువ్వు కట్టి, టార్పాలిన్ కప్పి పిలువు. నేను ఎత్తు మాత్రం కొలుస్తా."

"టేపు చెప్పేస్తుందిగా!"

"దానికి నోరు లేదు."

"నీకుందిగా."

"నాకుందని ఊళ్లో ఎవరన్నా అన్నారా?"

నవ్వాపుకుంది. నేను అటు తిరిగాను. బస్తాలు పడిన చప్పుడు ఒకటొకటిగా వినిపించింది. చెవులు మూసుకోలేదు. ఎన్నో ఇక్కడా రాయను.

"ఇప్పుడు సీటెక్కు. కూర్చోకు. పొద్దున ఎలా నడిపావో అలాగే, మోకాలానించి వెనక్కి చూడు."

టేపు పెట్టాను. వెనక కమ్మీ దాదాపు నేలకి ఆనుతోంది. వెనక స్ప్రింగుల్ని మళ్లీ మూడో మెట్టుకి ఎక్కించాను, ముందువీ బిగించాను. పట్టా ముందు భాగాన్ని పట్టి ఉంచే నైలాన్ పట్టీ ఉంటుంది. దాన్ని రెండు రంధ్రాలు బిగించాను. అది బిగిస్తే బరువు ముందుకి పోయి స్కీలు మంచును కరుస్తాయి. మళ్లీ కొలిచాను, మూడో వంతు. ఆమె హ్యాండిల్ తిప్పి చూసింది.

"బరువెక్కింది మావయ్యా."

"అదే కావాలి. మేత తగ్గేకొద్దీ మళ్లీ చేటలా చెరుగుతుంది. బస్తా ఖాళీ అయితే ఒక మెట్టు దించు, రెండోది అయితే ఇంకోటి. పట్టీ మాత్రం ముట్టుకోకు." పానా ఆమె చేతిలో పెట్టి, నా ముందే మూడుసార్లు తిప్పించాను. చలికి వేళ్లు ఎర్రబడ్డా మూడోసారి చూడకుండానే తిప్పింది.

అస్లాక్ దగ్గరికి నేనే వెళ్లాను. ఇరవై మాటలు మాట్లాడాను. నాకు అది చాలా ఎక్కువ. ఆయన నిలబడే విన్నాడు.

"వంపు దాకా," అన్నాడు. "హేయ్‌కా నీళ్ల పక్కన తయారుగా ఉంటాడు. తిరగకపోతే ఆ పోతు తాడు అక్కడే వాడి బండికి కడతా. మళ్లీ నా దగ్గరికి రావద్దు."

పొద్దున పెచ్చు నిన్నటికన్నా పల్చగా ఉంది. అడుగేస్తే కింద డొల్ల చప్పుడు. హేయ్‌కా బండి అప్పటికే నీళ్ల పక్కన గురగురలాడుతోంది. మొదట బండి చప్పుడు వినిపించింది, తర్వాత పోతు మెడలో గంట. రిస్టెన్ వెనక్కే చూస్తోంది. వంపు వచ్చింది. ఆమె తల తిప్పలేదు. హ్యాండిల్ తిప్పింది. స్కీల కింది అంచులు కర్రుమన్నాయి. బండి కొంచెం జారింది. అంతలోనే మంచును కరిచి, గట్టు పట్టుకుని, నెమ్మదిగా, పోతు మెడ కూడా గుంజకుండా తిరిగింది.

వెనకే మంద వచ్చింది. వేల గిట్టలు ఒక్కసారే టకటకలాడుతూ వంపు తిరుగుతున్నాయి. నా పక్కనున్న అస్లాక్ తన బండి మీట మీద నుంచి చేయి తీశాడు. మందనే చూస్తూ హేయ్‌కాకి కేకేశాడు.

"ఏరా, ఇంకా అక్కడేం చూస్తావు? తోకకి పో. కుంటివి వెనకబడతాయి!"