కేరమ్స్ పొడి కత్తులు

డుంబ్రిగుడ సంతలో సర్వేశ్వరరావు కొట్టు కత్తుల గొప్ప అంతా ఇంతా కాదు. అరటి దూటను చూసినా నడుం వంచి దండం పెట్టేవి. కిటికీ ఊచలు సాగగొట్టించి, పిడి మీద పులిబొమ్మ స్టిక్కరు అంటించి మరీ అమ్మాడాయన. పులి ఒక్కటే వంగలేదు.

రెండువేల ఎనిమిదిలో, కాఫీ తోటల్లో నీడచెట్ల కొమ్మలు నరికే రోజులు దగ్గరపడుతుండగా, యర్రమ్మ అక్కడే కొన్న నలభై కత్తులు వంకరపోతే తెచ్చి కొట్టు ముందు కుప్ప పోసింది. ఆవిడ మాటంటే మూడు గూడేలకీ మాటే.

“వచ్చే సంతకి నలబై గట్టి కత్తులియ్యాల సావుకారీ. లేపోతే మా మూడు గూడేలోళ్లం నీ కొట్టు గుమ్మం తొక్కం.”

మూడు గూడేలు పోతే కొట్లో మిగిలేది తనూ, త్రాసూ. షావుకారు కత్తులు మూటగట్టుకుని కమ్మరి భీముడి కొలిమికి పరిగెత్తాడు.

భీముడు ఒక కత్తిని రెండు వేళ్లతో పైకెత్తి చూశాడు. “ఏటి బాబూ, సేమియా తెచ్చినావా? గోస్తనీ ఏరంతా పోసి ముంచినా ఇది గట్టిపడదు. దీని కడుపులో ఏటీ లేదు.”

పక్కనే భీముడి మేనల్లుడు ఫల్గుణ ఉన్నాడు. చెన్నై వైపు కార్ల సామాన్ల కంపెనీలో పనిచేస్తూ సెలవుకి వచ్చాడు.

“మా కాడ నీళ్లలో ముంచడమే లేదు సావుకారీ. ఎర్రగా కాల్చిన రేకుని చల్లటి అచ్చులో నొక్కుతారు. అచ్చు తెరిసేసరికి రాయి! కానైతే ఆ రేకులో కర్బనం ఉండాల, మాంగనీసు ఉండాల, చిటికెడు బోరాన్ ఉండాల. లక్ష పాళ్లకి మూడు పాళ్లే. సల్లారేటప్పుడు మెత్తబడిపోకుండా ఇనుముని అదే పట్టి ఆపుతాది. ఇనుము కరిగున్నప్పుడే దాన్ని...”

మిగతాది వినడానికి షావుకారు అక్కడుంటే కదా! అప్పటికే అరకు మందుల షాపులో ఉన్నాడు. బోరిక్ పౌడర్‌లో బోరాన్ ఉంటుందన్నారు. కేరమ్స్ బోర్డు మీద చల్లుతారే, అదే. లక్షకి మూడు పాళ్లు పిసినారి లెక్క అనుకుని డబ్బాలకు డబ్బాలు కొన్నాడు. పెరట్లో కత్తులు కాల్పించి దోసిళ్లతో చల్లాడు. ఆ ఏడు అరకు లోయలో కురవాల్సిన మంచు మొత్తం ఆయన మీసాల మీదే కురిసింది.

సంతనాడు యర్రమ్మ ఒక కత్తి తీసి సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మ మీద వేసింది. కొమ్మకి గాటైనా పడలేదు. కత్తి మాత్రం కొమ్మను కావలించుకుంది.

“పారీకు. కేరమ్స్ ఆడితే బాగా జారతాది,” అన్నాడు భీముడు. సంతంతా ఘొల్లుమంది.

“కరిగిన ఇనుములో కలపాలన్నాను సావుకారీ,” అన్నాడు ఫల్గుణ. “బిడ్డకి పాలు పట్టమంటే నెత్తి మీద పోసినట్టు సేసినావు.”

“మరి నా మూడు గూడేలు?” కొమ్మకి చుట్టుకున్న కత్తిని ఊడదీస్తూ అడిగాడు షావుకారు.

యర్రమ్మ సంత చివరనున్న భీముడి కొలిమి వైపు చూసింది. అక్కడ విరిగిన లారీ కమాను పట్టీలున్నాయి. వాటిలో కర్బనమూ మాంగనీసూ పుట్టుకతోనే ఉన్నాయన్నాడు ఫల్గుణ. ఆ పేర్లు భీముడికి తెలీవు. నీళ్లలో ముంచితే పగులుతాయనీ, నూనెలోనే ముంచాలనీ మాత్రం తెలుసు.

“నూనె నీ కొట్లోదే తే. వలిసె గింజల నూనె, కల్తీ లేనిది. కొలిమికి గాలి కొట్టే సక్రం కూడా నువ్వే తిప్పు,” అంది యర్రమ్మ.

భీముడు ఆ పట్టీలతో నలభై కత్తులు సాగగొడుతుంటే షావుకారు నాలుగు రోజులు తిప్పాడు. ఆఖరి కత్తితో యర్రమ్మ ఒక్క వేటు వేస్తే కొమ్మ ఎగిరి అవతల పడింది. ఆవిడ కత్తులు కట్టగట్టి నెత్తినెట్టుకుంది.

“మరి కొట్టుకి వస్తారు కదమ్మా?”

“సూత్తాం,” అని వెళ్లిపోయింది.

షావుకారు లేవబోయాడు.

“సక్రం ఆపకు బాబూ,” అన్నాడు భీముడు. “నా గొడ్డలి సెయ్యడం అలాగే ఉండిపోనాది.”